ప్రామిసరీ నోటు చెప్పే ప్రోటోకాల్ పాఠం

మన ఊళ్ళలో అప్పు ఇచ్చేటప్పుడు ప్రామిసరీ నోటు రాయించుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ నోటు భాష ఎప్పుడైనా గమనించారా? ఫలానా ఊరి కాపురస్తులు, ఫలానా వారి కుమారుడు ఫలానా గారికి, ఫలానా ఊరి కాపురస్తుడు ఫలానా వారి కుమారుడు వ్రాసి ఇచ్చిన నోటు అంటూ మొదలవుతుంది. తేదీ ఉంటుంది. మొత్తం అంకెల్లోనూ ఉంటుంది, 'అక్షరాలా' అంటూ మాటల్లోనూ ఉంటుంది. ఇంత చాదస్తం ఎందుకు, కింద సంతకం ఉంటే చాలదా అనిపిస్తుంది. చాలదు. ఎవరికి బాకీ పడ్డామో రాయకుండా సంతకం పెట్టిన కాగితం ఎవరి చేతిలో పడితే వాళ్ళకి బాకీ పడినట్టే. తేదీ లేని కాగితాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీయొచ్చు.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో సెక్యూరిటీ ప్రోటోకాల్స్ చదువుతుంటే నాకు పదే పదే ఈ నోటే గుర్తొచ్చింది. ఈ రంగంలో పేరున్న తప్పులు కొన్ని ఎన్‌క్రిప్షన్ బలహీనంగా ఉండి జరిగినవి కావు. తాళం గట్టిదే. లోపల ఉన్న మెసేజ్‌లో 'ఎవరు, ఎవరికి, ఎప్పుడు' అనే మూడింటిలో ఏదో ఒకటి రాయడం మర్చిపోయారు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఇదొక్కటే. దానికి సాక్ష్యంగా 1978లో పుట్టిన ఒక ప్రోటోకాల్ కథ చెబుతాను.

పోస్ట్‌మ్యాన్‌ని నమ్మలేని ఊరు

ఒకే కంప్యూటర్ మీద నడిచే ప్రోగ్రామ్‌కి ఒక సుఖం ఉంది. ఎవరు లాగిన్ అయ్యారో ఆపరేటింగ్ సిస్టమ్‌కి తెలుసు. ప్రోగ్రామ్ అడిగితే చెబుతుంది. పది కంప్యూటర్లు నెట్‌వర్క్ మీద కలిసి పనిచేసేటప్పుడు ఆ సుఖం పోతుంది. అవతలి నుంచి వచ్చేవి బిట్లు మాత్రమే. పంపిన చిరునామా ప్యాకెట్ హెడర్‌లో ఉంటుంది కానీ, దాన్ని ఎవరైనా మార్చి రాయొచ్చు. కాబట్టి అవతలి మనిషి గురించి మనకి తెలిసేదంతా మెసేజ్ లోపలి నుంచే తెలియాలి.

డానీ డోలెవ్, ఆండ్రూ యావో 1983లో దీనికి ఒక లెక్క కట్టారు. నెట్‌వర్క్ మొత్తం శత్రువు చేతిలో ఉందనే అనుకోండి అన్నారు. అంటే ఊరి పోస్ట్‌మ్యానే దొంగ. ప్రతి ఉత్తరం చూస్తాడు, నకలు తీసుకుంటాడు, ఆపేస్తాడు, ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇస్తాడు, కొత్తవి తనే రాసి వేస్తాడు. ఒక్కటి మాత్రం చేయలేడు: తాళంచెవి లేకుండా తాళం తీయలేడు. ఇంత స్వేచ్ఛ ఉన్న దొంగని తట్టుకుంటేనే అది మంచి ప్రోటోకాల్. వినడానికి అతిగా ఉన్నా, పబ్లిక్ వైఫై వాడేవాళ్ళకి ఇది అతిశయోక్తి కాదు.

మూడు మెసేజ్‌ల పరిచయం

1978లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ నీడ్‌హామ్, జెరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న మైకేల్ ష్రోడర్ కలిసి ఒక పేపర్ రాశారు. పెద్ద నెట్‌వర్క్‌లలో ఎవరు ఎవరో ఎన్‌క్రిప్షన్ సాయంతో ఎలా తేల్చుకోవాలన్నది విషయం. అందులో రెండు రకాల ప్రోటోకాల్స్ ఉన్నాయి. ఒకటి అందరూ నమ్మే సర్వర్ ఇచ్చే రహస్య తాళంచెవితో నడిచేది. రెండోది పబ్లిక్ కీతో నడిచేది. ముందు రెండోది చూద్దాం.

పబ్లిక్ కీని తెరిచి ఉన్న తాళంకప్పలా ఊహించుకోండి. భవాని తన తాళంకప్పల్ని ఊరందరికీ పంచిపెట్టింది. ఎవరైనా పెట్టెలో ఏదైనా పెట్టి దానితో బిగించి పంపొచ్చు. తీయడానికి తాళంచెవి మాత్రం భవాని దగ్గరే ఉంది. ఆనంద్‌కీ అలాగే సొంత తాళాలు ఉన్నాయి. ఇప్పుడు ఆనంద్, భవాని ఒకరినొకరు నిర్ధారించుకోవాలి. తాళాలు తెప్పించుకునే మెసేజ్‌లు పక్కన పెడితే మిగిలేవి మూడే.

మొదటి మెసేజ్: ఆనంద్ అప్పటికప్పుడు ఒక అంకె ఎంచుకుంటాడు, 4127 అనుకుందాం. '4127, ఆనంద్' అని రాసి భవాని తాళం వేసి పంపుతాడు.

రెండో మెసేజ్: భవాని పెట్టె తెరిచి, తన వంతు అంకె 9063 చేర్చి, '4127, 9063' అని రాసి ఆనంద్ తాళం వేసి పంపుతుంది.

మూడో మెసేజ్: ఆనంద్ తెరిచి, తన 4127 తిరిగొచ్చింది కాబట్టి భవానియే జవాబిచ్చిందని నమ్ముతాడు. '9063' అని రాసి భవాని తాళం వేసి పంపుతాడు. అది అందుకుని, ఇవతల ఉన్నది ఆనందే అని భవాని నమ్ముతుంది.

ఇలా ఒక్కసారికే పనికొచ్చే అంకెని 'నాన్స్' అంటారు. నిజంగా వాడేవి ఎవరూ ఊహించలేనంత పెద్దవి. ఇందులో తప్పేముంది? భవాని తాళం భవాని తప్ప ఎవరూ తీయలేరు. ఆనంద్ తాళం ఆనంద్ తప్ప ఎవరూ తీయలేరు. 4127 తెలిసినవాళ్ళు ఇద్దరే, 9063 తెలిసినవాళ్ళూ ఇద్దరే. చదివిన ప్రతివాళ్ళకీ సరిగ్గానే ఉందనిపిస్తుంది. పదిహేడేళ్ళు అలాగే అనిపించింది.

మధ్యలో చక్రి

1995లో గావిన్ లోవ్ ఇందులో ఒక దాడి చూపించాడు. కాగితం మీద ముగ్గురి పేర్లూ రాసుకుని, బాణాలు గీసుకుంటే గానీ నాకు ఇది పట్టుబడలేదు. మీరూ అలాగే చేయండి.

చక్రి అనే మూడో మనిషి ఉన్నాడు. అతను గోడ దూకి వచ్చిన దొంగ కాదు. ఊళ్ళో నమోదైన మనిషే, అతనికీ తాళాలు ఉన్నాయి. ఒకరోజు ఆనంద్‌కి చక్రితోనే మామూలు పని పడింది. '4127, ఆనంద్' అని రాసి చక్రి తాళం వేసి పంపాడు.

చక్రి పెట్టె తెరిచాడు. అదే కాగితాన్ని తీసి ఇంకో పెట్టెలో పెట్టి, భవాని తాళం వేసి భవానికి పంపాడు. భవాని తెరిస్తే ఏముంది? '4127, ఆనంద్'. ఆనంద్ పలకరిస్తున్నాడనుకుంది. '4127, 9063' రాసి ఆనంద్ తాళం వేసి పంపింది.

ఈ పెట్టె చక్రి తీయలేడు. తీయాల్సిన అవసరం కూడా లేదు. ఉన్నది ఉన్నట్టు ఆనంద్‌కి అందించాడు. ఆనంద్ తెరిచి చూశాడు. తను చక్రికి పంపిన 4127 వచ్చింది, పక్కన 9063 ఉంది. చక్రి జవాబే అనుకున్నాడు. '9063' రాసి, చక్రి తాళం వేసి పంపాడు. చక్రికి కావాల్సింది ఆ అంకే. దాన్ని భవాని తాళంతో బిగించి పంపేశాడు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆనంద్ తను చక్రితో మాట్లాడుతున్నానని అనుకుంటున్నాడు. అది నిజమే. భవాని తను ఆనంద్‌తో మాట్లాడుతున్నానని అనుకుంటోంది. అది అబద్ధం. రెండు రహస్యాలూ చక్రి దగ్గర ఉన్నాయి. భవాని ఒక బ్యాంకు సర్వర్ అయితే, 'నా ఖాతాలోంచి చక్రి ఖాతాకి డబ్బు పంపు' అని ఆనంద్ పేరుతో చక్రి అడగొచ్చు. ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క తాళం కూడా పగలలేదు.

లోపం రెండో మెసేజ్‌లో ఉంది. '4127, 9063' అని ఉందే గానీ, రాసింది ఎవరో అందులో లేదు. అందుకే భవాని రాసిన కాగితం చక్రి రాసినట్టుగా చెలామణి అయిపోయింది. లోవ్ చెప్పిన మందు కూడా అంత చిన్నదే: రెండో మెసేజ్‌లో '4127, 9063, భవాని' అని పేరు రాయండి. ఆనంద్ పెట్టె తెరవగానే, చక్రి జవాబు రావాల్సిన చోట భవాని పేరు కనిపిస్తుంది. అక్కడే ఆగిపోతాడు. ఒక పేరు చేర్చితే దాడి చచ్చిపోయింది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ పేరు తాళం లోపల ఉండాలి. పెట్టె మీద చీటీలా అంటిస్తే పోస్ట్‌మ్యాన్ చింపేసి ఇంకోటి అంటిస్తాడు.

పదిహేడేళ్ళు ఎందుకు కనిపించలేదు

నీడ్‌హామ్, ష్రోడర్ సామాన్యులు కారు. ఇలాంటి ప్రోటోకాల్స్‌లో అతి సూక్ష్మమైన తప్పులు దొర్లుతాయనీ, మామూలుగా వాడుతున్నప్పుడు అవి బయటపడవనీ, సరిచూసే పద్ధతులు కావాలనీ 1978 పేపర్ చివర వాళ్ళే రాశారు. 1989లో మైకేల్ బరోస్, మార్టిన్ అబాడి, నీడ్‌హామ్ కలిసి అలాంటి పద్ధతి ఒకటి తయారు చేశారు. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని బాన్ లాజిక్ అంటారు. ఏ మెసేజ్ అందాక ఎవరు దేన్ని నమ్మొచ్చో అందులో తర్కంతో రాబట్టొచ్చు. ఈ ప్రోటోకాల్‌ని కూడా దానితో పరిశీలించారు. అయినా చక్రి దొరకలేదు.

కారణం తర్కంలో తప్పు ఉండటం కాదు. పాల్గొనేవాళ్ళే నమ్మదగనివాళ్ళైతే ఏమిటనే ప్రశ్న ఆ తర్కం పరిధిలో లేదు. ఆ సంగతి ఆ పేపర్‌లోనే చెప్పారు. దొంగ బయటివాడు, తాళాలు ఉన్నవాళ్ళంతా మనవాళ్ళు అనే ఊహ ఒకే సంస్థలో సహోద్యోగులు వాడుకునే నెట్‌వర్క్‌కి సరిపోయేది. ఇప్పుడు ఎవరైనా ఒక డొమైన్ కొనుక్కుని సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. చక్రి లాంటివాళ్ళు లోపలే ఉంటారు. ప్రోటోకాల్‌లో ఒక్క అక్షరం మారకపోయినా దాని చుట్టూ ఊరు మారిపోయింది.

లోవ్ ఆ తర్వాత దీన్ని యంత్రంతో కూడా చూపించాడు. టోనీ హోర్ రూపొందించిన సీఎస్‌పీ అనే భాషలో ముగ్గురి ప్రవర్తననీ రాసి, ఎఫ్‌డీఆర్ అనే మోడల్ చెకర్‌కి ఇచ్చాడు. 1996లో వచ్చిన ఆ పేపర్‌లో, సాధ్యమైన దారులన్నీ ఆ పనిముట్టు వెతికి దాడిని పట్టిచ్చింది. మనిషి బుర్ర 'ఇలా ఎవరు చేస్తారులే' అని వదిలేసే దారిని యంత్రం వదలదు.

తేదీ లేని నోటు

ఇక 1978 నాటి మొదటి ప్రోటోకాల్ సంగతి. ఇందులో ఆనంద్ ముందు సర్వర్‌ని అడుగుతాడు. సర్వర్ ఇద్దరికీ ఒక కొత్త ఉమ్మడి తాళంచెవి తయారు చేస్తుంది. 'ఈ తాళంచెవి ఆనంద్‌తో మాట్లాడటానికి' అని భవానికి ఒక చీటీ రాసి, భవాని మాత్రమే తెరవగలిగేలా మూసి ఆనంద్ చేతికిస్తుంది. ఆనంద్ దాన్ని భవానికి అందిస్తాడు. గమనించండి, ఇక్కడ పేరు ఉంది. మరి లేనిదేమిటి?

1981లో డొరతీ డెనింగ్, జొవాన్నీ సాకో అది చెప్పారు. ఆ చీటీ మీద తేదీ లేదు. ఎప్పుడో వాడి పారేసిన ఉమ్మడి తాళంచెవి ఒకటి చక్రికి దొరికిందనుకుందాం. ఆ రోజు నాటి చీటీ నకలు కూడా అతని దగ్గర ఉంది, పోస్ట్‌మ్యాన్ కదా. ఏడాది తర్వాత ఆ చీటీ తెచ్చి భవానికి ఇస్తే, అది కొత్తదో పాతదో చెప్పుకోవడానికి భవానికి ఏ ఆధారమూ లేదు. చీటీ అసలైనదే, సర్వర్ రాసిందే. పాత తాళంచెవితోనే ఆనంద్ వేషంలో చక్రి లోపలికి వస్తాడు.

మందుగా టైమ్‌స్టాంప్ వేయమన్నారు డెనింగ్, సాకో. నీడ్‌హామ్, ష్రోడర్ 1987లో గడియారం అవసరం లేకుండా, భవాని అంకెని ముందుగానే తీసుకెళ్ళి చీటీలో చేర్పించే మరో దారి చూపించారు. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో 1983లో మొదలైన ప్రాజెక్ట్ అథీనాలో పుట్టిన కెర్బెరోస్ మాత్రం టైమ్‌స్టాంప్ దారి పట్టింది. గ్రీకు పురాణాల్లో పాతాళ ద్వారం దగ్గర కాపలా ఉండే మూడు తలల కుక్క పేరు అది. విండోస్ 2000 నుంచి యాక్టివ్ డైరెక్టరీ కూడా కెర్బెరోస్‌నే వాడుతోంది. ఒకే లాగిన్‌తో ఏ సిస్టమ్ మీదైనా కూర్చోనిచ్చే ఆఫీసుల్లో చాలాచోట్ల లోపల ఉన్నది ఆ కుక్కే.

తేదీ వేస్తే ఒక కొత్త చిక్కు వస్తుంది. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్‌లో అందరికీ కలిపి ఒక గడియారం ఉండదని మనం మొదటి యూనిట్‌లోనే చదువుతాం. రెండు సిస్టమ్‌ల గడియారాల మధ్య కెర్బెరోస్ మామూలుగా 5 నిమిషాల తేడా వరకు సహిస్తుంది. అంతకన్నా ఎక్కువైతే, పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వదు. గడియారాన్ని తప్పుదారి పట్టించగలిగినవాడు భద్రతని కూడా తప్పుదారి పట్టించగలడు. అందుకే టైమ్ సరిచేసే ఎన్‌టీపీని పక్కన పెట్టి సెక్యూరిటీ గురించి మాట్లాడలేం. క్లాక్ సింక్రనైజేషన్ ఒక యూనిట్, సెక్యూరిటీ ఇంకో యూనిట్ అని సిలబస్ విడదీసినా, నిజంలో రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి.

మళ్ళీ అదే తప్పు

అందరికీ లోవ్ దాడి తెలిసిపోయింది కదా, ఇక ఎవరు చేస్తారు అనుకుంటాం. పాస్‌వర్డ్ బదులు సర్టిఫికెట్‌తో కెర్బెరోస్ లాగిన్ చేసే విస్తరణ ఒకటి తయారవుతున్నప్పుడు, 2005లో ఐదుగురు పరిశోధకుల బృందం దాని ముసాయిదాలో ఒక లోపం కనిపెట్టింది. సర్వర్ ఒక తాళంచెవి ఇస్తూ సంతకం పెడుతోంది. కానీ ఆ తాళంచెవి ఎవరి కోసం ఇస్తోందో సంతకం చేసిన భాగంలో లేదు. చక్రి మధ్యలో నిలబడి ఆనంద్ అభ్యర్థనని తన పేరు మీదికి మార్చుకుని, తనకి వచ్చిన జవాబుని విప్పి, ఆనంద్ తాళంతో మళ్ళీ మూసి అతనికి పంపొచ్చు. సర్వర్ సంతకం అసలైనదే కాబట్టి ఆనంద్ నమ్ముతాడు. ఆ తాళంచెవి అప్పటికే చక్రికీ తెలుసు.

ఆ ఏడాది ఆగస్టులో మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు విడుదల చేసింది. 2006లో వెలువడిన తుది ప్రమాణంలో, సర్వర్ ఏ అభ్యర్థనకి జవాబిస్తోందో దాని ముద్ర కూడా సంతకం కిందికి వచ్చేలా మార్చారు. 1978లో మర్చిపోయిన పేరునే 2005లోనూ మర్చిపోయారన్నమాట. ఈసారి సంగతి తెలిసిన కాలంలోనే.

బ్రౌజర్‌లో మనం రోజూ వాడే టీఎల్‌ఎస్ ఈ పాఠం బాగా నేర్చుకుంది. 2018లో వచ్చిన 1.3 వెర్షన్‌లో సర్వర్ తన సర్టిఫికెట్ నిరూపించుకునేటప్పుడు, అప్పటిదాకా నడిచిన సంభాషణ మొత్తం మీద సంతకం పెడుతుంది. ఆ సంతకం పెట్టింది సర్వర్ అనే మాట కూడా సంతకంలోనే ఉంటుంది. ఇక దాన్ని కత్తిరించి ఇంకో సంభాషణకి అతికించడం కుదరదు. ప్రమాణం ఖరారు కాకముందే దాని ముసాయిదాల్ని టామరిన్, ప్రోవెరిఫ్ వంటి పనిముట్లతో పరీక్షించారు.

మన ప్రాజెక్టుల్లో

ఇదంతా మనకెందుకు అంటే, ఇదే తప్పు మన మైక్రోసర్వీసెస్ ప్రాజెక్టుల్లో చాలా సులువుగా దూరుతుంది కాబట్టి. కాలేజీకి ఒక లాగిన్ సర్వర్ ఉందనుకుందాం. పాస్‌వర్డ్ సరిచూసి ఒక జేడబ్ల్యూటీ టోకెన్ మీద సంతకం పెట్టి ఇస్తుంది. క్యాంటీన్ యాప్ చక్రి నడుపుతున్నాడు. రిజల్ట్స్ సర్వీస్ భవాని నడుపుతోంది. ఆనంద్ దోసె ఆర్డర్ చేయడానికి క్యాంటీన్ యాప్‌కి తన టోకెన్ ఇచ్చాడు. చక్రి ఆ టోకెన్ తీసుకెళ్ళి రిజల్ట్స్ సర్వీస్‌కి ఇచ్చాడు. సంతకం అసలైనదే. గడువు ఇంకా ఉంది. ఆనంద్ ఖాతా తెరుచుకుంది. రెండు వైపులా హెచ్‌టీటీపీఎస్ ఉన్నా లాభం లేదు, ఎందుకంటే ఆనంద్ ఇచ్చిందే చక్రికి.

టోకెన్ ప్రమాణం 2015లో వచ్చింది. అందులో ఇచ్చినవారు, ఎవరి గురించి, ఏ సర్వీస్ కోసం, ఎప్పటిదాకా అని విడివిడిగా గడులు ఉన్నాయి. మన ప్రామిసరీ నోటే! 'ఏ సర్వీస్ కోసం' అనే ఆడియన్స్ గడి నింపి ఉండి, అందులో తన పేరు లేకపోతే ఆ సర్వీస్ టోకెన్‌ని తిప్పికొట్టాలని ప్రమాణం చెబుతోంది. కానీ ఆ గడి నింపడం తప్పనిసరి కాదు. నింపకపోయినా, చూడకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుంది, డెమో బాగుంటుంది, వైవాలో మార్కులు కూడా వస్తాయి. మామూలు వాడకంలో బయటపడదని 1978లో చెప్పింది దీని గురించే.

కాబట్టి మిత్రులారా, ఈసారి మీరు ఏ ప్రోటోకాల్ గీసినా, ఏ ఏపీఐ రాసినా, ఒక్కో మెసేజ్‌నీ విడిగా చేతిలోకి తీసుకోండి. వెనకా ముందూ ఏం జరిగిందో తెలియని మనిషికి ఆ ఒక్క కాగితమే దొరికితే, రాసిందెవరో, ఎవరికో, ఎప్పుడో, ఏ పనికో దాని లోపల చూసి చెప్పగలడా? చెప్పలేకపోతే ఆ కాగితాన్ని ఇంకోచోట వాడుకోవడానికి ఎవరో ఒక చక్రి సిద్ధంగా ఉంటాడు. అబాడి, నీడ్‌హామ్ ఆ తర్వాత ప్రోటోకాల్ రాసేవాళ్ళ కోసం కూర్చిన సూత్రాల్లో కూడా ఇది ఉంది: మెసేజ్ అర్థానికి ఒకరి పేరు ముఖ్యమైతే, ఆ పేరుని మెసేజ్‌లో స్పష్టంగా రాయాలి.

ఆసక్తి ఉన్నవాళ్ళకి చిన్న పని. ప్రోవెరిఫ్ ఉచితంగా దొరుకుతుంది. పైన చెప్పిన మూడు మెసేజ్‌లూ అందులో రాసి నడపండి, చక్రి దారి అదే గీసి చూపిస్తుంది. తర్వాత రెండో మెసేజ్‌లో భవాని పేరు చేర్చి మళ్ళీ నడపండి. ఒక పేరుకి ఎంత విలువ ఉందో కళ్ళారా చూడొచ్చు.